ఆయన పేరు మీద కుర్చీ

గిరిజ పేకాట నేర్చుకున్నది వెనక కూర్చుని.

ఏలూరులో ఎవరింట పెళ్ళయినా విడిదిలో ఒక గది పేకాటకి వదిలేసేవారు. మగవాళ్ళు జంపఖానా పరుచుకుని గుండ్రంగా కూర్చునేవారు. బాబాయి భుజం వెనక గిరిజ. వెనక కూర్చున్నవాళ్ళు ముక్కలు చూడొచ్చు. నోరు విప్పకూడదు. బాబాయి సిగరెట్టు కోసం లేచినప్పుడు, “నా చెయ్యి కాసేపు పట్టవే” అని ముక్కలు ఆమెకిచ్చి వెళ్ళేవాడు. ఆమె ఆడేది. ఆయన తిరిగొచ్చేసరికి ఒక్కోసారి ఆట అయిపోయి ఉండేది.

“మీ బాబాయి గెలిచాడే” అనేవారు గదిలో.

ఆమె లేచి మళ్ళీ వెనక్కి జరిగేది.

పెళ్ళయ్యాక విమానమెక్కి ప్లేనో అనే ఊరికి వచ్చింది. భర్త సూర్యప్రకాశరావు బ్యాంకుల పాత ప్రోగ్రాములు సరిచేసే ఉద్యోగంలో ఉన్నాడు. ఇప్పటికీ అదే చేస్తున్నాడు. ఆమె వచ్చిన వీసా మీద ఉద్యోగం చేయకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. నంబరు లేని మనిషికి ఈ దేశంలో కరెంటు కూడా పేరు మీద రాదు. కాబట్టి కరెంటు, నీళ్ళు, గ్యాసు, ఫోను, కారు, ఇల్లు, అన్నీ ఆయన పేరు మీదే వచ్చాయి. చాలా ఏళ్ళకి గ్రీన్ కార్డు వచ్చింది. దానితో ఆమెకీ ఒక నంబరు వచ్చింది. అప్పటికి చేతికి అలవాటు పడిపోయింది. కంప్యూటర్‌లో ఏ కొత్త పేజీ తెరిచి పేరు అడిగినా వేళ్ళు ఆయన పేరే కొట్టేవి. లైబ్రరీ కార్డు కూడా ఆయన పేరు మీదే ఉంది. ఆయన ఆ లైబ్రరీ లోపలికి ఏనాడూ వెళ్ళలేదు.

నోటితో మాత్రం ఆ పేరు ఆమె ఎప్పుడూ అనలేదు. ఇంట్లో “ఏమండీ”. బయట “మావారు”.

కూతురు నైనిక ఉద్యోగానికి సన్నీవేల్ వెళ్ళిపోయాక మధ్యాహ్నాలు పొడుగయ్యాయి. ఎండకి వీధి తెల్లగా ఉండేది. మనుషులు కనపడేవారు కారు, కార్లు కనపడేవి. అలాంటి ఒక మధ్యాహ్నం ఆమె పేకాట సైటు ఒకటి తెరిచింది. అది పేరు అడిగింది. పుట్టిన తేదీ అడిగింది. డ్రైవింగ్ లైసెన్సు ఫోటో అడిగింది. ఆమె ఆయనవే ఇచ్చింది. అది తప్పు అని తోచలేదు. ఆలోచించడానికి అందులో ఏమీ ఉన్నట్టు లేదు.

రమ్మీ ఆడిన మనిషికి పోకర్ రావడానికి ఎంతో కాలం పట్టలేదు. చేతిలో రెండే ముక్కలు. మిగిలినవి బల్ల మీద అందరికీ కనపడేలా పరుస్తారు. ముక్కలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఆమెకి ఆ మనుషులే నచ్చారు. ముఖాలు ఉండవు. ఎంత పెట్టారు, ఎంతసేపు ఆలోచించారు, ఎప్పుడు తప్పుకున్నారు, అంతే ఉంటుంది. విడిది గదిలో వెనక కూర్చుని ఆమె చూసినదీ అదే. తెర మీద చిన్న గుండ్రని బొమ్మ కింద ఆమె పేరు “ఎస్.పి.రావు” అని ఉండేది.

“రావు గట్టివాడు, జాగ్రత్త” అని ఒకసారి బల్ల దగ్గర ఎవరో రాశారు.

ఆ రోజు ఆమె కూర కొంచెం ఎక్కువసేపు కలిపింది. అందులో పెద్ద సంతోషమేమీ లేదు. కానీ అటువంటి మాట ఆమె గురించి చాలా కాలంగా ఎవరూ అనలేదు.

*

శాటిలైట్ అని ఒక రకం పందెం ఉంటుంది. చిన్న రుసుముతో ఆడతారు. గెలిస్తే డబ్బు రాదు. పెద్ద పందెంలో కుర్చీ వస్తుంది. ఆ మార్చిలో సైటు పెట్టిన శాటిలైట్‌లో బహుమతి వేగాస్‌లో జరిగే పోకర్ పందెంలో కుర్చీ. నిజమైన బల్ల, నిజమైన ముక్కలు, ఎదురుగా మనుషులు. అలాంటి కుర్చీలు కొన్ని ఉన్నాయి. మొదట వచ్చినవాడికీ చివరి కుర్చీ దక్కినవాడికీ తేడా లేదు. చివర్లో ఇంకొక్క మనిషి పడిపోతే, మిగిలిన అందరికీ కుర్చీ.

ఆ ఒక్క మనిషి పడిపోవాల్సిన సమయంలో గిరిజకి రాజుల జత వచ్చింది. ఆమె వంతు రాకముందే ఇద్దరు మొండిగా ఉన్నదంతా పెట్టేశారు. చెయ్యి మౌస్ మీద ఉంది. స్టవ్ మీద పప్పు ఉంది. ఆమె రాజుల్ని పడేసింది. ఆ ఇద్దరిలో ఒకడు పోయాడు. తెర మీద రంగు కాగితాలు రాలాయి.

“కంగ్రాచ్యులేషన్స్, సూర్యప్రకాశరావు” అని వచ్చింది.

ఆమె లేచి స్టవ్ ఆపింది. తిరిగొచ్చి మళ్ళీ చదివింది. అప్పుడు, మొదటిసారి, ఆ పేరు ఆమెకి వేరే మనిషి పేరులా కనపడింది.

*

సాయంత్రం ఆయన షూ విప్పుతుండగా చెప్పింది. ఏ ముక్కలు వచ్చాయో, ఎందుకు పడేసిందో కూడా చెప్పింది. ఆయన ఒక కాలికి షూతో కూర్చుని అంతా విన్నాడు.

“రాజులు వస్తే పడేశావా?”

“పడేస్తేనే గెలిచాను.”

“భలేదానివే” అన్నాడాయన. నిజంగానే అన్నాడు. తర్వాత, “నా పేరు మీద ఉందంటున్నావు, మరి నువ్వెలా వెళ్తావు?” అన్నాడు.

“పేరు మార్పించుకోవచ్చు లెండి. కస్టమర్ సర్వీసు ఉంటుందిగా.”

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళాక చాట్ తెరిచింది. ఆ పక్కనున్న మనిషి పేరు మైల్స్.

“నేను మిస్టర్ సూర్యప్రకాశరావుతో మాట్లాడుతున్నానా?” అని మైల్స్ రాశాడు.

ఆమె ఉన్నదున్నట్టు రాసింది. తాను ఆయన భార్యననీ, ఆట తనదేననీ, పేరు మాత్రం అలవాటుగా ఆయనది పెట్టాననీ.

కొంతసేపు మూడు చుక్కలు కదిలాయి.

“మీ అసహనం నాకు పూర్తిగా అర్థమైంది” అని వచ్చింది. ఆమె అసహనం సంగతి ఏమీ రాయలేదు. “కుర్చీ ఖాతాదారుకి మాత్రమే చెందుతుంది. మరొకరికి బదిలీ చేయలేం. డబ్బుగా మార్చలేం. ఖాతాదారు కాని మనిషి ఆడినట్టు తేలితే బహుమతి రద్దవుతుంది, ఖాతా మూసేస్తాం. మీ ఖాతాలో ఖాతాదారు కాని మనిషి ఆడినట్టు నన్ను నమోదు చేయమంటారా?”

గిరిజ ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది. సాయం చేయడానికి అడిగినట్టే ఉంది.

మీరు ఇంకా ఉన్నారా, అని మైల్స్ అడిగాడు. ఆమె జవాబు వెతుక్కునేలోగా చాట్ దానంతటదే మూసుకుపోయింది. సమస్య పరిష్కారమైందని మెయిల్ వచ్చింది. సేవ ఎలా ఉందో నక్షత్రాలు ఇమ్మంది.

తర్వాతి వారం ట్రిష్. ఆ తర్వాత పేరు చెప్పని ఒకరు. ప్రతివారికీ మొదటినుంచి చెప్పాలి. కానీ ఇప్పుడు ఏది చెప్పాలో ఆమెకి తెలియదు. ఊరికే తెలుసుకోవడానికి అడుగుతున్నట్టు రాసింది: ఒక ఇంట్లో భార్య ఆడితే ఏమవుతుంది? భార్య వేరే ఖాతా తెరుచుకోవచ్చా? ట్రిష్ చక్కగా జవాబిచ్చింది. ఒక ఇంటి చిరునామాకి ఒకే ఖాతా. ఉన్నది మూసేస్తే కొత్తది తెరవొచ్చు. మూసిన ఖాతాలోని బహుమతులు రావు, ఆడిన ఆటల చరిత్ర రాదు.

“ఇంకేమైనా సాయం కావాలా?” అంది ట్రిష్.

నైనికకి ఫోన్ చేసింది. నైనిక ఆఫీసులో మెట్ల మీద కూర్చుని వింది.

“అమ్మా, దట్స్ సో అన్‌ఫెయిర్. నువ్వు ట్రూత్ చెప్పెయ్.”

“చెప్తే ఆ కుర్చీ ఉండదే.”

“మరి చెప్పకపోతే?”

“మీ నాన్న కూర్చుంటారు.”

నైనిక నవ్వింది. ఆపుకోలేక నవ్వింది. “నాన్నా? నాన్నకి చిన్నపిల్లలాడే ఊనో కూడా రాదు అమ్మా.” నవ్వు ఆగాక, “సారీ అమ్మా” అంది.

*

సూర్యప్రకాశరావు ఒక మాట అన్నాడు. వదిలేద్దాం గిరిజా, మనకెందుకీ గొడవ, అని. ఆమె పళ్ళెం కడుగుతూ వెనక్కి తిరగలేదు. ఆయన మళ్ళీ అనలేదు. చెడ్డవాడు కాడు. ఏడాదికోసారి పన్నుల కాగితాలు నింపేటప్పుడు ఒక్క డాలరు తేడా వచ్చినా మొదటినుంచి లెక్క చూసుకునే మనిషి.

ఏప్రిల్‌లో గుర్తింపు కోసం వీడియో కాల్ పెట్టారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. గిరిజ బల్లకి అవతల, కెమెరాకి కనపడని చోట కుర్చీ వేసుకుంది. తెర మీద బ్రెంట్ అనే కుర్రవాడు వచ్చాడు. లైసెన్సు చెంప పక్కన పెట్టుకోమన్నాడు. ఆయన పెట్టుకున్నాడు. పేరు పూర్తిగా చెప్పమన్నాడు. చెప్పాడు.

“అభినందనలు సర్. చాలా బాగా ఆడారు. ఆ రాజుల జత పడేయడం ఉందే, ఇక్కడ మేమందరం చూశాం. చాలామంది చేయలేరు.”

సూర్యప్రకాశరావు గొంతు సవరించుకున్నాడు. “థాంక్యూ” అన్నాడు.

“చివరి ప్రశ్న సర్. ఈ ఖాతాలో మీరు తప్ప ఇంకెవరైనా, ఎప్పుడైనా ఆడారా?”

ఆయన తెర మీంచి కళ్ళు ఎత్తి ఆమెని చూశాడు. అనుమతి అడుగుతున్నట్టు ఉంది ఆ చూపు. దేనికి అనుమతో ఆమెకి వెంటనే అర్థం కాలేదు. నిజం చెప్పడానికా, చెప్పకపోవడానికా.

ఆమె తల అడ్డంగా ఊపింది.

“నో” అన్నాడాయన.

“సంతకం చేసిన ప్రకటన ఒకటి మెయిల్లో పంపండి సర్” అన్నాడు బ్రెంట్.

ఆ ప్రకటన గిరిజే టైపు చేసింది. ఈ ఖాతాలో ఆడినది నేనే. నా భార్య గానీ మరొకరు గానీ ఏనాడూ ఆడలేదు. ఆయన మెయిళ్ళన్నీ ఆమే టైపు చేస్తుంది. ఆయన ఇంగ్లీషులో కామాలు సరిగ్గా పెట్టడు. ఆమె కామాలు సరిచూసింది. ఆయన సంతకం చేశాడు.

*

తర్వాత నెల నేర్పడంలో గడిచింది. రాత్రి భోజనమయ్యాక డైనింగ్ టేబుల్ తుడిచి ముక్కలు పరిచేది.

“ఇది ఆసు, ఇది రాజు. రెండూ వస్తే?”

“పెట్టాలి.”

“ఏడు, రెండు వస్తే?”

“పడెయ్యాలి.”

“ఎదుటివాడు అంతా పెట్టేస్తే?”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నిన్ను అడగాలి.”

“నేనుండను అక్కడ.”

“వెనకాల ఉంటావుగా.”

“తాడు కట్టి ఉంటుందట. దానికి అవతల నిలబడాలి. మాట్లాడకూడదు.”

“పెళ్ళిళ్ళలో లాగా” అన్నాడాయన. ఎప్పుడో ఆమె చెప్పింది ఆయన మరిచిపోలేదు. ఆమెకి కోపం రావాల్సింది. రాలేదు. శ్రద్ధగా నేర్చుకున్నాడు. జతలకి మార్కులు వేసుకున్న కాగితం ఫ్రిజ్ మీద అంటించుకున్నాడు. కానీ ముక్క ఎత్తి చూసినప్పుడల్లా పెదవులు కదిలేవి. మంచి ముక్క వస్తే కనుబొమలు లేచేవి. అది నేర్పేది కాదు. ఆమె ముఖం ఎప్పుడూ కదలదు. ఎన్నో ఏళ్ళు వెనక కూర్చున్న ముఖం అది.

హోటల్ గది బహుమతిలో భాగమని మొదట రాశారు. వెళ్ళే ముందు చూస్తే గది బుక్ కాలేదు. చాట్‌లో మళ్ళీ కొత్త పేరు. మీ అసహనం మాకు అర్థమైంది, అన్నారు. ఈసారి గిరిజ ఏమీ వాదించలేదు. ఊరికి అవతల చౌక హోటల్ ఒకటి తీసుకున్నారు.

*

హాలు చాలా పెద్దది. కిటికీలు లేవు. వందల బల్లలు, ఒక్కో బల్ల చుట్టూ మనుషులు. డబ్బుకి బదులు పందెం కాసే బిళ్ళలు, చిప్స్, వేళ్ళతో ఆడించే చప్పుడు ఆగకుండా వస్తోంది. మిడతల దండు వాలినట్టు ఉంది. ఆయన్ని ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన నల్ల టోపీ పెట్టుకున్న ముసలామె ఒకతె. ఎదురుగా ఒక ఇండియన్ కుర్రాడు. గిరిజ తాడు ఇవతల నిలబడింది. అక్కణ్ణించి ఆయన భుజం కనపడుతుంది. ముక్కలు కనపడవు. విడిది గదిలో ముక్కలైనా కనపడేవి.

ఆ నల్ల టోపీ ఆమెని గిరిజ చూస్తూ ఉండిపోయింది. ఆమె చేతులు బల్ల మీద ఉన్నాయి. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. ఆట ఎప్పుడు ఆపాలో ఆ చేతులకి తెలుసు. ఎవరూ ఆమెని ఎవరి తరఫున వచ్చావని అడగడం లేదు.

సూర్యప్రకాశరావు పడేశాడు. మళ్ళీ పడేశాడు. ఆడినా ఆడకపోయినా వంతు వచ్చినప్పుడల్లా కొన్ని చిప్స్ పెట్టాలి. పెట్టాల్సింది పెరుగుతూ పోతుంది. ఊరికే కూర్చున్నవాడు కూర్చున్నచోటే అరిగిపోతాడు. అది కూడా ఆమె చెప్పింది. బహుశా గట్టిగా చెప్పలేదు.

మధ్యాహ్నం దాటాక ఒక ఆటలో ఆయన వెనక్కి తిరిగి చూశాడు. కనుబొమలు పైకి లేచి ఉన్నాయి. ఎదురు కుర్రాడు చిప్స్ అన్నీ ముందుకు తోసేశాడు. గిరిజ తాడు పట్టుకుంది. ముక్కలు పంచే మనిషి, “సర్, ఇటు చూడండి” అన్నాడు. ఆయన బల్ల వైపు తిరిగాడు. ముక్కల అంచు ఎత్తి మళ్ళీ చూశాడు. తర్వాత రెండు ముక్కలూ మెల్లగా ముందుకి జరిపి పడేశాడు.

విరామంలో ఆయన నీళ్ళ సీసాతో ఆమె దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“ఇంకా ఉన్నాను చూశావా. ఎంతమంది పోయారో.”

“ఇందాక ఏమొచ్చాయండీ?”

“రెండు ఆసులు.”

ఆమె తాడు మీంచి చెయ్యి తీసింది.

“ఇస్పేటు ఆసు, ఆఠీను ఆసు. గుండె ఝల్లుమంది. వాడేమో అంతా పెట్టేశాడు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నువ్వు రాజుల్ని పడేసి గెలిచావు. నేను ఆసుల్నే పడేశాను.” నీళ్ళు తాగాడు. “కష్టమేలే. కానీ పడేశాను.”

రెండు ఆసుల కన్నా పెద్ద జత ఆ ఆటలో లేదు. శాటిలైట్‌లో చివరి కుర్చీ కోసం పడేయడం వేరు. ఇక్కడ పడేయడం వేరు. ఆ తేడా ఆమె చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. రాజుల్ని పడేసిన సంగతి ఆ ఇంట్లో ఆమె గొప్పగా చెప్పుకున్న ఒకే ఒక్క సంగతి. ఆయన దాన్ని శ్రద్ధగా గుర్తు పెట్టుకున్నాడు.

“మంచి పని చేశారు” అంది.

రాత్రి భోజనాల వేళ దాకా ఆయన కూర్చున్నాడు. ఒక్క పందెం కూడా పెట్టకుండా చివరి చిప్ దాకా అరిగిపోయాడు. లేచి బల్ల చుట్టూ అందరితో చెయ్యి కలిపాడు. నల్ల టోపీ ఆమె కూడా లేచి నవ్వుతూ చెయ్యి కలిపింది. గిరిజ అది తాడు ఇవతల నుంచి చూసింది.

*

జూన్‌లో నరసింహ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నరసింహదీ ఆయనదీ ఒకే ఆఫీసు. మగవాళ్ళందరూ సూర్యప్రకాశరావు చుట్టూ చేరారు.

“వేగాస్ వెళ్ళి ఆడావటయ్యా! చెప్పనేలేదు. ఇన్నాళ్ళూ అమాయకుడివనుకున్నాం.”

“అంకుల్, మీరా? రియల్లీ?” అన్నాడు ఎవరి పిల్లాడో.

ఆయన మొదట సిగ్గుపడ్డాడు. గిరిజ వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆసుల కథ చెప్పాడు. ఇస్పేటు, ఆఠీను. చెప్పగా చెప్పగా బాగా చెప్పాడు. అందరూ “ఓహో” అన్నారు. ఆట తెలిసినవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు.

నరసింహ భార్య విజయశ్రీ ప్రసాదం కప్పులు సర్దుతూ అడిగింది. “మీరూ వెళ్ళారుగా గిరిజగారూ? ఆ పేకాటలో మీకేం తోచి ఉంటుంది పాపం. షాపింగ్ చేశారా?”

“లేదండీ. నిలబడ్డాను.”

“అంతసేపా?”

“అలవాటే.”

కారులో తిరిగొస్తున్నారు. సిగ్నల్ దగ్గర ఆగాక అన్నాడు.

“వచ్చే ఏడు కూడా శాటిలైట్ పెడతారా గిరిజా?”

“పెడతారు.”

“మళ్ళీ గెలువు. ఈసారి ఇంకా జాగ్రత్తగా ఆడతాను.”

ఆయన వెక్కిరించడం లేదు. ఆమె అద్దంలోంచి బయటికి చూసింది. దీపాలు ఆర్పేసిన ఇండియన్ షాపు ముందు ట్రాలీలు ఒకదాంట్లో ఒకటి దూరి నిలబడి ఉన్నాయి.

*

సోమవారం ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఆమె లాప్‌టాప్ తెరిచింది. ఆ ఖాతా మూయించి తన పేరు మీద కొత్తది తెరవాలనుకుంది. చరిత్ర పోతే పోయింది. మొదటినుంచి ఆడొచ్చు. కొత్త పేజీ పేరు అడిగింది. గిరిజ, అని కొట్టింది. చిరునామా కొట్టగానే ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ చిరునామాలో ఇప్పటికే ఒక సభ్యుడు ఉన్నాడు.

చాట్ తెరిచింది. ఖాతా మూయాలంటే ఏం చేయాలని అడిగింది. ఖాతాదారు వీడియోలో వచ్చి కోరాలని జవాబు వచ్చింది. మూశాక అదే చిరునామాకి కొత్త ఖాతా ఇవ్వాలా వద్దా అన్నది పరిశీలించి చెబుతారట. ఎంతకాలం పడుతుందో చెప్పలేరట.

ఆయన్ని మళ్ళీ చొక్కా వేసుకుని కూర్చోమనాలి. ఆయన కూర్చుంటాడు. ఎందుకని ఒక్కమాట కూడా అడగడు. తర్వాత వచ్చే ఏడు కోసం ఫ్రిజ్ మీద అంటించుకున్న కాగితం తీసేస్తాడు. మడిచి సొరుగులో పెట్టుకుంటాడు.

వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. తెర కింద మధ్యాహ్నపు ఆట మొదలవబోతున్నట్టు గంట మోగింది. ఎస్.పి.రావు కోసం ఒక ఖాళీ బల్ల ఎదురుచూస్తోంది.

“మీరు ఇంకా ఉన్నారా?” అని చాట్‌లో అడిగారు. ఆమె జవాబివ్వకపోయేసరికి అటువైపు మనిషి మారాడు. కొత్త పేరు వచ్చింది. కొత్త మనిషి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

“నేను మిస్టర్ సూర్యప్రకాశరావుతో మాట్లాడుతున్నానా?”

గిరిజ ఆ పేరు చూసింది. నోటితో ఒక్కసారి కూడా అనని పేరు.

అవును, అని కొట్టింది. సమస్యేమీ లేదు, అని కొట్టింది. చాట్ మూసేసి ఆటకి వెళ్ళింది.